పథ్యం తప్పినందుకు కాదు

ఆదివారం రాత్రి

పొద్దున్న ఎంవీపీ కాలనీ రైతుబజార్లో కూరలు తీసుకుని, అటునుంచటే పెదవాల్తేరులో మావయ్యావాళ్లింటికి వెళ్లాను. భోజనాల దగ్గర అత్త మళ్లీ ఆ మాటే తీసింది. "అప్పుడు పథ్యం సరిగ్గా చేసుంటే ఆ ఇంజెక్షన్లతోనే పోయేది కదమ్మా!" మావయ్య తలొంచుకుని తింటున్నాడు. ఇవాళ నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

తొంభైల్లో యాక్సిడెంట్ అయినప్పుడు ఎక్కించిన రక్తంతో వచ్చి ఉంటుందన్నారు ఆ హెపటైటిస్ సి, లివర్‌ని పాడుచేసే వైరస్ జబ్బు. దానమిచ్చిన రక్తంలో ఈ వైరస్ ఉందేమో చూసే పరీక్ష మన దేశంలో తప్పనిసరి చేసింది 2001లో. ఈ వైరస్‌లో చాలా రకాలున్నాయి, మావయ్యది జీనోటైప్ 1 అనే రకం. 2008లో వైద్యం మొదలుపెట్టారు. వారానికో ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్, రోజూ రిబావిరిన్ మాత్రలు, 48 వారాలు. ఇంజెక్షన్ పడిన రాత్రల్లా జ్వరం, వణుకు. రిబావిరిన్‌తో రక్తంలో హిమోగ్లోబిన్ పడిపోయి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఇంత పడ్డా వైరస్ పోలేదు. చాటుగా ఆవకాయ తిన్నాడు కాబట్టేనని చుట్టాలంతా తీర్మానించేశారు.

ఆ మరుసటి ఏడాదే, 2009లో, శాస్త్రవేత్తలు ఒక సంగతి బయటపెట్టారు. మన 19వ క్రోమోజోములో ఐఎల్28బి అనే జన్యువు పక్కన, డీఎన్ఏ రాతలో ఒకే ఒక్క అక్షరం మనిషికీ మనిషికీ మారుతుంది. అమ్మ నుంచీ నాన్న నుంచీ 'సీ' అక్షరమే వచ్చినవాళ్లకి, రెండూ 'టీ' వచ్చినవాళ్లకన్నా, అదే మందుతో జీనోటైప్ 1 నయమయ్యే అవకాశం సుమారు రెండింతలు. ఇంటర్‌ఫెరాన్ నేరుగా వైరస్‌ని చంపదు, ఒంట్లోని రక్షణని లేపుతుంది. ఆ లేవడంలోనే మనిషికో తీరు. రిబావిరిన్‌కి ఎవరి రక్తం పడిపోతుందో, ఎవరిది నిలబడుతుందో చెప్పే ఐటీపీఏ అనే ఇంకో జన్యువు సంగతి 2010లో తెలిసింది. ఆ తర్వాత కొన్నేళ్లు, ఎవరికి ఇంటర్‌ఫెరాన్ మొదలెట్టొచ్చు, ఎవరు కొత్త మందులకోసం ఆగొచ్చు అని ఆలోచించడానికి డాక్టర్లకి ఆ ఐఎల్28బి పరీక్ష ఒక ఆధారమైంది.

మావయ్యకి ఆ పరీక్ష ఎవరూ చెయ్యలేదు, కాబట్టి అదే కారణమని అనను. ఆవకాయ మాత్రం కాదు. అత్తకి అదే చెప్పాను, కాస్త గట్టిగానే.

2016లో సోఫోస్బువిర్, లెడిపాస్విర్ కలిపిన మాత్ర ఆరునెలలు వేసుకుంటే పోయింది. వైరస్ తన నకళ్లు తీసుకునే ఎంజైమునే సోఫోస్బువిర్ ఆపేస్తుంది, అందుకే ఈ మందులకి మన అక్షరాలతో పెద్దగా పని లేదు. హెపటైటిస్ బికి మాత్రం టెనోఫోవిర్ లాంటివి ఏళ్లతరబడి వాడాల్సిందే. ఎవరు ఎప్పుడు ఆపొచ్చో ముందే చెప్పే జన్యుపరీక్ష వాళ్లకీ రావాలని ఎంత కోరుకుంటానో!

అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆయన అప్పుడే చెప్పొచ్చు కదా, నేను తినలేదని" అంది. "చెప్పాను, నువ్వు నమ్మలేదు" అన్నాడు మావయ్య.

లివర్ అప్పటికే గట్టిపడింది కాబట్టి వైరస్ పోయినా ఆర్నెల్లకోసారి స్కానింగ్ తప్పదు. వచ్చే వారం ఉంది. ఈసారి అత్త కూడా వస్తానంది.