తలుపులు తెరుచుకున్నాయి, పింఛన్లు ఎవరివి వారివే

2004 మే 1న పది దేశాలు ఐరోపా సమాఖ్యలో చేరినప్పుడు పాత సభ్య దేశాలను పట్టుకున్న భయం ఉద్యోగాల గురించే. అప్పట్లో పోలండ్‌లో నిరుద్యోగం ఇరవై శాతానికి దరిదాపుల్లో ఉండేది. అక్కడివారు తక్కువ కూలికి పనిచేస్తారనీ, పని దొరకనివారు భత్యాల మీద బతుకుతారనీ అనుమానించి, తూర్పు దేశాల కార్మికులను ఏడేళ్ల వరకు ఆపగలిగే వెసులుబాటును చేరిక ఒప్పందంలోనే రాసుకున్నారు. బ్రిటన్, ఐర్లాండ్, స్వీడన్ మొదటిరోజే అనుమతించగా, జర్మనీ, ఆస్ట్రియా 2011 వరకు ఆ గడువును పూర్తిగా వాడుకున్నాయి.

సమాఖ్య సామాజిక భద్రతను ఒకటి చేయలేదన్న సంగతిని ఈ చర్చలో చాలామంది మరిచిపోతారు. పింఛను వయసు, జీతం నుంచి కట్టే చందా, నిరుద్యోగ భృతి ఏ దేశానికి ఆ దేశమే నిర్ణయించుకుంటుంది. ఒక కార్మికుడు పోలండ్‌లో పన్నెండేళ్లు, జర్మనీలో ఎనిమిదేళ్లు చందా కడితే, అర్హత చూసేటప్పుడు ఇరవై ఏళ్లుగా లెక్కిస్తారు. చెల్లింపు మాత్రం ఎవరి వాటా వారిది. అమెరికాలో పదేళ్లు నిండకుండానే తిరిగివచ్చి, జీతంలో కోతపడిన సోషల్ సెక్యూరిటీ (పింఛను చందా) సొమ్ముపై ఆశ వదులుకున్న మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఈ ఏర్పాటు విలువ వేరే చెప్పనక్కరలేదు.

కూలి విషయంలో భయం పూర్తిగా నిరాధారం కాదు. స్టాక్‌హోమ్ దగ్గరి వాక్స్‌హోమ్‌లో ఒక బడి పునర్నిర్మాణానికి లావల్ అనే లాత్వియా కంపెనీ తన దేశం నుంచి కార్మికులను తీసుకొచ్చింది. స్వీడన్‌లో కనీస వేతనాన్ని చట్టం నిర్ణయించదు. కార్మిక సంఘాలూ యజమానులూ కుదుర్చుకునే ఒప్పందమే ఆధారం. కంపెనీ ఆ ఒప్పందానికి ఒప్పుకోకపోవడంతో 2004 చివర్లో సంఘం పని స్థలాన్ని దిగ్బంధించింది. 2007 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం ఆ దిగ్బంధం సేవల స్వేచ్ఛకు, అంటే ఒక సభ్యదేశపు కంపెనీ మరో సభ్యదేశంలో పని చేసిపెట్టే హక్కుకు, విరుద్ధమని తేల్చింది. లాత్వియా కార్మికుడికి బతుకుతెరువు దొరకడం, స్వీడన్ కార్మికుడు దశాబ్దాల పోరాటంతో సాధించుకున్న వేతనం నిలవడం రెండూ న్యాయమైనవే కాబట్టి, ఈ తగవులో ఒక పక్షాన నిలబడడం నాకు ఈనాటికీ కష్టమే. ఇతర దేశాలకు పంపిన కార్మికులకు స్థానికులతో సమానంగా ప్రతిఫలం ఇవ్వాలన్న దిశగా నిబంధనలు మారడానికి 2018 దాకా ఆగవలసి వచ్చింది.

అయితే అసలు నష్టం కార్మికులను పంపిన దేశాల్లోనే ఎక్కువని నా అభిప్రాయం. లిథువేనియా జనాభా 2001లో సుమారు 35 లక్షలు, 2021 నాటికి 28 లక్షలు. జననాలు తగ్గడం ఒక కారణమైతే, వలస అంతకన్నా పెద్ద కారణం. ఈరోజు పనిచేసేవారి చందాతో ఈనాటి వృద్ధులకు పింఛను ఇచ్చే వ్యవస్థలో, కొడుకు చందా లండన్‌లో జమవుతుంటే తల్లి పింఛను లిథువేనియా రాజధాని విల్నియస్ ఖజానా నుంచే రావాలి. కుటుంబానికి అతను పంపే డబ్బు ఇల్లు నడుపుతుందేమో గానీ, ఖజానాకు నేరుగా చేరదు. సమాఖ్య సామాజిక నిధి వృత్తి శిక్షణకు, ఉపాధి పథకాలకు ఉపకరిస్తుంది తప్ప ఈ లోటును పూడ్చదు.

ఇప్పుడు చేరిక కోసం ఎదురుచూస్తున్న మోల్డోవా ఈ లెక్కను చర్చల బల్ల మీదే తేల్చుకోవాలి. అక్కడి పౌరుల్లో ఎందరికో సమాఖ్య సభ్యదేశమైన రొమేనియా పాస్‌పోర్టు ఉన్నందున, సభ్యత్వం రాకముందే ఆ దేశపు వలస చాలావరకు జరిగిపోయింది.