అన్నానికి ముందు పది నిమిషాలు: చిన్నపిల్లలతో కుటుంబ ప్రార్థన, నా అనుభవం

మా ఇంట్లో పిల్లలు ముగ్గురు: ఎనిమిదేళ్లు, అయిదేళ్లు, రెండేళ్లు. ఈ వయసు వాళ్లతో రోజూ కుటుంబ ప్రార్థన, అంటే ఇంటిల్లిపాదీ కూర్చుని పాట పాడి, బైబిలు చదివి, ప్రార్థించడం, నిలబెట్టడానికి మాకు ఏడాదిన్నర పట్టింది. ఇందులో భక్తి ఎంత అవసరమో, వేళ, కొలత, మాట సరిచూసుకోవడం కూడా అంతే అవసరం. ఎక్కడెక్కడ తప్పిందో, ఏం మార్చితే కుదిరిందో రాస్తున్నాను.

ముందు వేళ సంగతి. చాలా ఇళ్లలో ప్రార్థన రాత్రి భోజనాల తర్వాత ఉంటుంది. పెద్దవాళ్లకు అది బాగానే ఉంటుంది. పిల్లలకు అన్నం కడుపులో పడిందంటే కళ్లు మూతలు పడతాయి. నిద్ర ఆపుకుంటున్న పిల్లవాడు పేచీ పెడతాడు, మనం కసురుతాం, ప్రార్థన అంటే తిట్లు తినే సమయం అని వాడి మనసులో పడిపోతుంది. అందుకని మేం అన్నానికి ముందుకు మార్చాం. కూర దించి, అన్నం వార్చి, కంచాలు పెట్టకముందు ఏడున్నరకు చాప పరుస్తాం. ఆకలి వేస్తుంటుంది కాబట్టి మాకూ సాగదీయాలనిపించదు, పిల్లలకూ ఇది ఎప్పుడు అయిపోతుందో తెలుస్తుంది. ఇంట్లో ఒకరు డ్యూటీ నుంచి ఇంకా రాలేదని ఆగకూడదు. ఒకరోజు ఆగితే ఎనిమిదవుతుంది, మర్నాడు ఎనిమిదిన్నర, వారం తిరిగేసరికి మానేసినట్టే. వచ్చినవాళ్లు మధ్యలో కూర్చుంటారు. ఒకరోజు తప్పిపోతే మర్నాడు రెండింతలు చదవం, ఆగిన వచనం దగ్గర మొదలుపెడతాం.

మొత్తం పది నిమిషాలు. పాట పల్లవి, ఒక చరణం. వాక్యం, అంటే బైబిలు భాగం, ఎనిమిది నుంచి పది వచనాలు. రెండు మూడు నిమిషాలు మాటలు, తర్వాత ప్రార్థన. పాటకు రెండేళ్ల పిల్ల చేతికి రెండు చెక్క గరిటెలు ఇస్తాం. స్టీలు గరిటెలు ఇస్తే మోతకు మిగతా ఇద్దరి గొంతు వినపడదు. పాట నెలకు ఒకటే. రోజుకో కొత్త పాట ఎత్తుకుంటే పెద్దవాళ్లే పాడుతుంటారు, పిల్లలు చూస్తూ కూర్చుంటారు. ఒకటే పాట నెలంతా పాడితే మూడో వారానికల్లా అయిదేళ్ల పిల్లాడు స్నానాల గదిలో కూడా అదే అందుకుంటాడు.

బైబిలు అచ్చు పుస్తకమే వాడాలి. ఫోనులో చదువుతుంటే మధ్యలో ఏదో ఒక మెసేజ్ మోగుతుంది, పిల్లల కళ్లు వాక్యం మీద కాక తెర మీద ఉంటాయి. కరెంటు పోయే వేళలకు బైబిలు పక్కనే ఒక ఎమర్జెన్సీ లైటు ఛార్జి చేసి ఉంచుకున్నాం. బైబిలు కాగితం చాలా పల్చన, రెండేళ్ల చెయ్యి తగిలితే చిరుగుతుంది. చిరిగినచోట సెల్లోటేపు అంటించొద్దు. కొన్నేళ్లకు అది పచ్చబడి, ఊడేటప్పుడు అక్షరాలను కూడా లాక్కుపోతుంది. చిన్నదానికి పుస్తకం కావాలనే పట్టుదల ఉంటుంది కాబట్టి, పాత వాక్యాల క్యాలెండరు బొమ్మలు కత్తిరించి, నాలుగు అట్టల మీద అంటించి, దారంతో కుట్టి "ఇది నీ బైబిలు" అని ఇచ్చాం. అది చాప మీదే ఉంటుంది, ప్రార్థన వేళ తప్ప బయటికి రాదు. ఎప్పుడూ చేతికి అందితే దాని మీద మోజు రెండు రోజుల్లో పోతుంది.

ఇక అసలు చిక్కు భాషది. మనం చదివే బైబిలు గ్రాంథికంలో ఉంది. ఇంగ్లీషు మీడియం బళ్లో చదివే పిల్లలకు "లేమి" (లోటు), "పరుండజేయుట" (పడుకోబెట్టడం), "సుంకరి" (పన్ను వసూలు చేసేవాడు) అంటే ఏమిటో తెలియదు. అర్థం కాని మాట వచ్చిన చోటే పిల్లలు కదలడం మొదలుపెడతారు, అది మేం గమనించి చూశాం. అలాగని వాక్యం మానేసి మన మాటల్లో కథ చెప్పేస్తే, రేపు చర్చిలో వాక్యం విన్నప్పుడు వాళ్లకు అది పరాయి భాషలాగే ఉంటుంది. అందుకని ముందు వాక్యం ఉన్నది ఉన్నట్టు చదువుతాం, తర్వాత అందులోంచి రెండే రెండు మాటలు తీసి విప్పుతాం. రెండుకు మించితే పాఠం అవుతుంది.

యేసు జీవితాన్ని చెప్పే బైబిలు పుస్తకం మార్కు సువార్త, అందులో 4వ అధ్యాయంలో తుఫాను కథ చదివిన రోజు ఆ రెండు మాటలు "దోనె", "అమరము". దోనె అంటే పడవ, అమరము అంటే పడవ వెనక భాగం. చాపనే దోనె చేసి, వెనక కొసన తలగడ పెట్టాం. యేసయ్య తలగడ మీద పడుకున్నాడని 38వ వచనంలో ఉంది, పిల్లలకు ఆ తలగడ చాలు. రెండేళ్లది దాని మీద తల వాల్చింది, పెద్ద పిల్లలిద్దరూ చాప అంచులు పట్టి ఊపారు. "ప్రభువా, మునిగిపోతున్నాం" అని లేపడం వరకూ వాళ్లే చేశారు.

మార్కు 2లో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి యేసు ముందు దించిన చోట పిల్లలకు రెండు అనుమానాలు వస్తాయి. స్లాబు ఎలా పగలగొట్టారు? బాగయ్యాక అంత పెద్ద పరుపు వాడు ఒక్కడే ఎలా మోసుకుపోయాడు? అక్కడి ఇళ్లకు దూలాల మీద కర్రలు, రెల్లు పరిచి పైన మట్టి మెత్తేవారు. మన కర్నూలు, అనంతపురం పల్లెల మట్టి మిద్దెలు చూసినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. ఆ పరుపు కూడా చుట్టి చంకలో పెట్టుకునే బొంత లాంటిదే. ఇది చెప్పకపోతే పిల్లలు ఆ కథను మాయలు, మంత్రాల కథల్లో కలిపేసుకుంటారు.

చిన్నపిల్లలకు మార్కు సువార్తతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. ఉన్నవి 16 అధ్యాయాలే, ఉపదేశాల కంటే జరిగిన సంగతులు ఎక్కువ. మధ్యలో తప్పిన రోజులు కలుపుకుని మాకు మూడు నెలలు పట్టింది. కాకపోతే పెద్దవాళ్లు ఒకరోజు ముందు చదివి పెట్టుకోవాలి. 6వ అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను తల నరికించిన భాగం పిల్లల ముందు చదవకుండా ఒక్క వాక్యంలో చెప్పి దాటించాం. 15వ అధ్యాయం, అంటే సిలువ భాగం, చదివిన రాత్రే 16లో మొదటి ఆరు వచనాలు కూడా చదవాలి. సిలువ దగ్గర ఆపి "మిగతాది రేపు" అంటే పిల్లలు ఆ రాత్రి ఏడుస్తూ పడుకుంటారు.

యేసు శిష్యులకు నేర్పిన పరలోక ప్రార్థన కంఠత పెట్టించడానికి ఎనిమిది ముక్కలు చేసి, వారానికి ఒకటి తీసుకున్నాం. మొదటి ముక్కతో కాక "మా అనుదినాహారము" దగ్గర మొదలుపెట్టాం, ఎందుకంటే అది ముగియగానే కంచాలు వస్తాయి, అర్థం దానంతటదే తెలుస్తుంది. పెద్దవాళ్లు ప్రార్థన మొత్తం చెప్తుంటే పిల్లలు ఆ వారపు ముక్క మాత్రం గట్టిగా అందుకుంటారు. అన్నిటికంటే కష్టమైంది "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము". ఋణస్థుడు అంటే మన దగ్గర అప్పు తీసుకుని ఇవ్వనివాడు. పెన్సిలు తీసుకుని తిరిగి ఇవ్వని స్నేహితుడి సంగతి ఎత్తితే చాలు. ఇకపై ఆ పెన్సిలు అడగకుండా వదిలేయగలమా అన్న మాట అయిదేళ్లవాడికి కూడా బరువుగానే ఉంటుంది. తొందరపెట్టకుండా ఆ బరువును కాసేపు అలా ఉండనివ్వాలి.

పిల్లల సొంత ప్రార్థన ఒక్కొక్కరికి ఒక్కో మాట. చిన్నవాళ్ల నుంచి పెద్దవాళ్లకు వెళ్తాం. పెద్దది ముందు చేస్తే తక్కినవాళ్లు అదే వప్పజెప్తారు. "ప్రార్థన చెయ్యి" అంటే "అమ్మను దీవించు, నాన్నను దీవించు, ఆమేన్" అనే వస్తుంది. "ఇవాళ బళ్లో ఎవరు ఏడ్చారు?" అని ముందు అడిగితే ఆ పిల్లవాడి పేరు ప్రార్థనలోకి వస్తుంది.

ఇక్కడ మా పెద్దమ్మాయి అడిగిన ప్రశ్న చాలామంది పిల్లలు అడుగుతారు. "తాతయ్యను మీరు అనాలన్నారు కదా, దేవుణ్ణి నువ్వు అంటున్నాం ఎందుకు?" బైబిల్లో ప్రార్థనలన్నీ "నీవు" అనే ఉన్నాయి, ఇప్పుడు "మీకు వందనాలు ప్రభువా" అనేవాళ్లూ ఉన్నారు. మేం చెప్పిన జవాబు: "అమ్మను మీరు అంటావా? అనవు. మర్యాద లేక కాదు, దగ్గర కాబట్టి." అది వాళ్లకు సరిపోయింది.

నేను చేసి మానుకున్న తప్పు ఒకటి ఉంది. పిల్లవాడు అబద్ధమాడిన రోజు, వాడు వింటుండగా "ప్రభువా, వీణ్ణి మార్చు" అని ప్రార్థించాను. అది దేవుడితో చెప్పినట్టు లేదు, వాడికి చీవాట్లు పెట్టినట్టే ఉంది. కళ్లు మూసుకుని తిడితే ఎదురు చెప్పే వీలు కూడా వాడికి లేదు. ఇప్పుడు అలాంటివి వాడు పడుకున్నాక చేసుకుంటాను. జ్వరం వచ్చినవాళ్ల కోసం ప్రార్థించినప్పుడు "రేపటికి తగ్గిపోతుంది" అని మాట ఇవ్వకూడదు. మందు వేస్తాం, దేవుణ్ణి అడుగుతాం అని రెండూ కలిపే చెప్తాం. చుట్టాలొస్తే వాక్యం వప్పజెప్పమని పిల్లల్ని నిలబెట్టం.

మా అత్తయ్యగారి ప్రార్థన పదిహేను నిమిషాలు ఉంటుంది. బంధువులందరి పేర్లూ, ఊళ్లో జబ్బు పడినవాళ్ల పేర్లూ అందులో ఉంటాయి. దాన్ని కుదించమని అడగడం నాకు ఇష్టం లేదు. అందుకని పిల్లల భాగం ముందే ముగించి, వాళ్లకు అన్నాలు పెడతాం. ఆవిడ ప్రార్థన వాళ్లు తింటుండగా చాప మీద నిదానంగా సాగుతుంది. తమ పేర్లు వచ్చినప్పుడు ముద్ద ఆపి తలెత్తి చూస్తారు.

ఇప్పుడు యోసేపు కథలో ఉన్నాం, ఆదికాండము 37 నుంచి 50 వరకు. 38వ అధ్యాయం పెద్దయ్యాక చదువుకుంటారని వదిలేశాం. ఐగుప్తు అన్న పేరు రాగానే పెద్దమ్మాయి సోషల్ పుస్తకం తెచ్చింది. అందులో ఈజిప్టు అని ఉంది. రెండూ ఒకటేనని మ్యాపు మీద వేలు పెట్టి చూపించేసరికి ఆ రోజుకు పది నిమిషాలూ అయిపోయాయి, చదివింది మూడు వచనాలే. నాలుగో వచనం దగ్గర దారం పెట్టి బైబిలు మూశాం.