ట్రైలర్ తగిలించిన పికప్ హైవే మీద ఎందుకు ఎగురుతుంది: తూకం నుంచి షాక్‌ల దాకా నా అనుభవం

డాలస్ చుట్టుపక్కల ట్రావెల్ ట్రైలర్ కొనుక్కున్న మనవాళ్ళు చాలామంది పడే ఇబ్బందే ఇది. ఊళ్ళో బాగానే ఉంటుంది, హైవే ఎక్కి అరవై దాటగానే బండి ముందుకీ వెనక్కీ ఊగుతూ ఎగిరెగిరి పడుతుంది. చాలామంది వెంటనే వెనక ఎయిర్ బ్యాగులు (స్ప్రింగులకి సాయంగా పెట్టే గాలి సంచులు) కొనేస్తారు. నేను ముందు ఊపు లయ చూశాను, ఆ తర్వాత తూకానికి వెళ్ళాను. ఏ వస్తువూ కొనకముందే సగం సమస్య అక్కడే తేలింది.

లయ అంటే సెకనుకి ఎన్ని ఊపులు అని. పక్క సీట్లో ఉన్నవాళ్ళు ఫోన్‌లో వీడియో తీస్తే తర్వాత తీరిగ్గా లెక్కపెట్టొచ్చు. సెకనుకి ఒకటీ రెండూ ఊపులుంటే, ముఖ్యంగా వంతెన ఎక్కేచోట రోడ్డు కుంగిన దగ్గర మొదలై మూడు నాలుగు సార్లు సాగితే, అది బరువు పంపకంలో లోపం, లేదా షాక్‌లు (ఊపును అణిచే షాక్ అబ్జార్బర్లు) చాలకపోవడం. సెకనుకి ఐదారు గట్టి కుదుపులైతే రోడ్డు అతుకులు. పదిహేను అడుగులకొక అతుకున్న కాంక్రీట్ మీద 65 మైళ్ళ వేగంతో పోతే సెకనుకి 95 అడుగులు, అంటే ఆరు దెబ్బలకు పైనే. ఇక రోడ్డు ఎంత నున్నగా ఉన్నా ఒక వేగం దగ్గర సన్నగా వణుకుతూనే ఉంటే చక్రాలను అనుమానించాలి. ట్రైలర్లకి వేసే ఎస్‌టీ 225/75 ఆర్15 టైరు ఆ వేగంలో సెకనుకి దాదాపు పదమూడు చుట్లు తిరుగుతుంది. ట్రైలర్ టైర్లను బ్యాలెన్స్ చేయకుండానే బిగించి అమ్మడం మామూలే, కాబట్టి నాలుగింటికీ బ్యాలెన్సింగ్ చేయించాను.

తూకం ట్రక్ స్టాప్‌లోని క్యాట్ స్కేల్ మీద వేశాను. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రైలర్ చక్రాలు వేర్వేరు పలకల మీద నిలబడతాయి కాబట్టి మూడు అంకెలూ విడిగా వస్తాయి. ఇరవైనాలుగు గంటల్లోపు మళ్ళీ తూచుకుంటే రుసుము బాగా తగ్గుతుంది. మనుషులు, ఇంధనం, సామాను అన్నీ ప్రయాణంలో ఉన్నట్టే ఉండాలి. ట్రైలర్ లేకుండా నా హాఫ్ టన్ తరగతి పికప్ ముందు 3,300, వెనక 2,500 పౌండ్లు. ట్రైలర్ తగిలించి, హిచ్ (ట్రైలర్‌ని పికప్‌కి కలిపే కొక్కెం) స్ప్రింగ్ బార్లు వేయకుండా తూస్తే ముందు 2,960, వెనక 3,620, ట్రైలర్ చక్రాల మీద 5,220. మొత్తంలోంచి పికప్ బరువు తీసేస్తే ట్రైలర్ 6,000. అందులో పికప్ మోస్తున్నది 780, అంటే 13 శాతం. ఈ టంగ్ వెయిట్ పది నుంచి పదిహేను శాతం మధ్య ఉండాలి కాబట్టి ఇక్కడ తప్పేమీ లేదు.

అసలు విషయం ముందు యాక్సిల్‌లో ఉంది. దాని మీంచి 340 పౌండ్లు లేచిపోయాయి. హిచ్ బాల్ వెనక యాక్సిల్‌కి దాదాపు 65 అంగుళాలు వెనక వేలాడుతోంది, వీల్‌బేస్ (ముందు వెనక యాక్సిళ్ళ మధ్య దూరం) 145 అంగుళాలు. ఏతాంలాగా వెనక నొక్కితే ముందు లేస్తుంది. 780ని 65తో గుణించి 145తో భాగిస్తే 350 వస్తుంది, తూకం చీటీలో పడ్డదీ ఇంచుమించు అదే. ముందు చక్రాలు తేలికై, వెనక స్ప్రింగులు సగం కుంగిపోయి ఉన్నప్పుడు ఏ గుంట తగిలినా బండి వెనక యాక్సిల్ చుట్టూ ఊగక ఏం చేస్తుంది? ఎయిర్ బ్యాగులు వెనక భాగాన్ని పైకి లేపుతాయి, చూడ్డానికి బండి సమంగా కనిపిస్తుంది. కానీ ముందు యాక్సిల్‌కి ఆ 340లో ఒక్క పౌండూ తిరిగి రాదు. పైగా స్ప్రింగు గట్టిపడినంతగా షాక్ గట్టిపడలేదు కనుక ఊపు ఇంకా ఎక్కువ కావచ్చు.

బరువును ముందుకు తిప్పేది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, అంటే ఆ స్ప్రింగ్ బార్లున్న హిచ్, ఒక్కటే. ముందు మడ్‌గార్డ్ అంచు ఎత్తును నేల నుంచి మూడుసార్లు కొలవాలి: ట్రైలర్ లేకుండా, తగిలించాక బార్లు లేకుండా, బార్లు వేశాక. లేచిన ఎత్తులో సగం తిరిగి దిగేలా హిచ్ హెడ్ వాలు, గొలుసు లింకులు సరిచేశాను. కొన్ని బళ్ళకి సగం చాలు, కొన్నింటికి ఇంకా ఎక్కువ కావాలి. ఓనర్స్ మాన్యువల్‌లో రాసిందే పాటించాలి. ఇలా సర్దాక తూకం ముందు 3,120, వెనక 3,360, ట్రైలర్ 5,320. బార్ల రేటింగు అసలు టంగ్ వెయిట్‌కి దగ్గరగా ఉండాలి. ఆరేడు వందల పౌండ్లకి 1,200 పౌండ్ల బార్లు వేస్తే అవి వంగవు, రోడ్డు దెబ్బనంతా నేరుగా ఛాసిస్‌కి పంపుతాయి.

ట్రైలర్ లోపలి సర్దుబాటు మీద కూడా శ్రద్ధ పెట్టాలి. మొత్తం బరువు అంతే ఉన్నా రెండు చివర్లా పెడితే ఊపు ఆగడానికి ఎక్కువసేపు పడుతుంది. వెనక బంపర్ మీద జనరేటర్, సైకిళ్ళు, ముందు అరలో పనిముట్ల పెట్టె ఉంటే బరువైనవన్నీ యాక్సిళ్ళ పైకి జరపాలి. నీళ్ళ ట్యాంకు నిండుగానో ఖాళీగానో ఉండాలి, సగం ఉంటే నీళ్ళు కదులుతాయి. నలభై గ్యాలన్లు 334 పౌండ్లు, దాన్ని తూకంలో మర్చిపోకూడదు.

తర్వాత షాక్‌లు. పికప్‌తో వచ్చేవి ఖాళీ బండి మెత్తగా నడవడానికి కుదిర్చినవి. నూనె కారిన మరక, టైరు మీద గుంటలు గుంటలుగా అరుగుదల కనిపిస్తే మార్చే తీరాలి. నేను నాలుగూ గ్యాస్ మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉండే రకం) వేయించాను. రబ్బరు బుష్ ఉన్న బోల్టులను బండి చక్రాల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలిపడి త్వరగా చిరిగిపోతుంది.

ట్రైలర్ కింద చాలామంది చూడనే చూడరు. చాలా ట్రైలర్ల లీఫ్ స్ప్రింగులకి షాక్‌లే ఉండవు, పట్టీల మధ్య రాపిడే ఊపును ఆపాలి. ఈక్వలైజర్ (రెండు యాక్సిళ్ళ స్ప్రింగులని కలిపే మీట) దగ్గరి నైలాన్ బుష్‌లు తొందరగా అరిగి, షాకిల్ (స్ప్రింగు చివరని దానికి తగిలించే పట్టీ) రంధ్రాలు కోలగా సాగుతాయి. వాటి బదులు కంచు బుష్‌లు, గ్రీజు పట్టే బోల్టులు, మందపాటి షాకిళ్ళు వేశాను. బోల్టులోని గ్రీజు రంధ్రం గడియారంలో మూడు లేదా తొమ్మిది ఉన్న దిక్కుకి ఉండాలి. బరువు పడే వైపుంటే గ్రీజు లోపలికి పోదు. ట్రైలర్‌ని ఫ్రేమ్ కిందే ఎత్తాలి, యాక్సిల్ ట్యూబ్ కింద జాకీ పెడితే అది వంగిపోతుంది. చక్రాల నట్లను మొదటి యాభై మైళ్ళ తర్వాత టార్క్ రెంచితో మళ్ళీ చూడాలి.

ఇవన్నీ అయ్యాక మిగిలేది రోడ్డే. టెక్సస్ కాంక్రీట్ హైవేలు చాలావరకు అతుకుల్లేకుండా పోసినవి, అందుకే అక్కడ తెలియని కుదుపు ఐ-10 మీద లూసియానాలోని అచాఫలాయా బేసిన్ వంతెన ఎక్కగానే, దాని పద్దెనిమిది మైళ్ళూ తెలుస్తుంది. రాత్రి చలికి పలకల పైభాగం ముడుచుకుని అంచులు లేస్తాయి కాబట్టి అతుకుల కాంక్రీట్ మీద తెల్లవారుజామున కుదుపు ఎక్కువ. కాలిఫోర్నియాలో ఈ లయ కుదరకూడదనే ఒకప్పుడు పలకల పొడవు మార్చి మార్చి పోశారు. నాలుగు తలుపుల లాంగ్ బెడ్ హెవీ డ్యూటీ పికప్‌ల వీల్‌బేస్ కొన్నింటిలో 176 అంగుళాల దాకా ఉంటుంది, పదిహేను అడుగులకి దాదాపు సమానం. పదిహేను అడుగుల పలకల మీద వాటి ముందు వెనక యాక్సిళ్ళు రెండూ దాదాపు ఒకేసారి అతుకు ఎక్కుతాయి. అక్కడ ఏ పరికరమూ పనికిరాదు. నేను వేగం ఐదు మైళ్ళు తగ్గిస్తాను, చాలాసార్లు అంతటితో కుదుపు సగానికి పడిపోతుంది.