ఆర్‌లో చుక్కల గోల

నిన్న రాత్రి ఆర్‌లో (లెక్కలకీ గ్రాఫులకీ వాడే ప్రోగ్రామింగ్ భాష లెండి) గ్రాఫులు గీసే జీజీప్లాట్2 ప్యాకేజీతో వచ్చే డైమండ్స్ డేటా ముందేసుకుని కూర్చున్నా, 53,940 వజ్రాలు, అడ్డంగా క్యారట్ నిలువుగా ధర, మామూలుగా చుక్కలు పెట్టే జియోమ్ పాయింట్ కొడితే ఏమొచ్చింది, సిరా ఒలికినట్టు నల్ల మచ్చ! ఎక్కడ ఎన్ని చుక్కలున్నాయో తెలిస్తే ఒట్టు. ఆల్ఫా, అంటే చుక్క ఎంత చిక్కగా కనపడాలో చెప్పేది, 0.05 చేసి సైజు తగ్గించా, అప్పుడు బయటపడింది అసలు సంగతి, 1, 1.5, 2 క్యారట్ల దగ్గర నిలువు చారల్లా గుంపులు. 0.99 క్యారట్ అని చెప్పుకుంటే ఏం గొప్పలెండి.

ఇక రంగు దగ్గర నా తెలివి చూడండి. నీలం కావాలని కలర్ ఈక్వల్స్ బ్లూ అని డేటాలో దేన్ని ఎలా చూపించాలో చెప్పే ఏఈఎస్ బ్రాకెట్ లోపల రాశా. చుక్కలన్నీ ఎర్రగా నారింజగా ఏదో రంగులో వచ్చాయి, పక్కన ఏ రంగు దేనిదో చెప్పే లెజెండ్‌లో మాత్రం దర్జాగా బ్లూ అని ఉంది!! అరగంట పోయింది. లోపల రాస్తే అది బ్లూ అనేదాన్ని ఒక కేటగిరీ పేరనుకుని తన డీఫాల్ట్ రంగు వేసేస్తుంది, అన్నిటికీ ఒకటే రంగు కావాలంటే బయట రాయాలి, అంతే.

ప్యాకేజీ అక్కర్లేకుండా ఆర్‌తోనే వచ్చే బేస్ ఆర్ ప్లాట్‌లో అయితే చుక్క ఆకారం చెప్పే పీసీహెచ్ ఉంది, 0 నుంచి 25 దాకా గుర్తులు, ఏమీ ఇవ్వకపోతే 1, అంటే ఖాళీ సున్నా. నాకు 21 ఇష్టం, అంచుకి ఒక రంగు, లోపల బీజీతో ఇంకో రంగు వేసుకోవచ్చు. ఐరిస్ అనే డేటాలో 3 జాతుల పూల కొలతలకి అలా వేస్తే ముగ్గులా ఉంది. కాకపోతే ఆ కొలతలు 0.1 సెంటీమీటర్ల లెక్కన ఉంటాయి కాబట్టి 150 పూలలో కొన్ని ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చుంటాయి, అక్కడ చుక్కల్ని అటూ ఇటూ కొంచెం జరిపే జిట్టర్ కాస్త వాడా.