ఏ మందమ్మా?

మొన్న జనవరికి రెండేళ్ళయింది. న్యూజెర్సీలో ఆ వారమంతా మంచు. మా వారు రెండు రోజులు వరసగా ఇంటి ముందు మంచు ఎత్తిపోసేసరికి నడుం పట్టేసింది. శనివారం రాత్రి మా ఇంట్లో నాలుగు కుటుంబాల భోజనాలు. ఆడవాళ్ళం పైన, మగవాళ్ళు కింద బేస్‌మెంట్‌లో గ్లాసులతో. ఆయన మూడు పెగ్గులు తాగారని తర్వాత తెలిసింది. అందరూ వెళ్ళిపోయాక, నడుం లాగేస్తోందంటే మాత్రలు తెచ్చి చేతిలో పెట్టింది నేనే.

అవి ఆయనవి కావు. అంతకుముందు వేసవిలో మా అబ్బాయికి జ్ఞానదంతాలు తీసినప్పుడు రాసిచ్చినవి. పన్నెండు ఇస్తే వాడు మూడు వేసుకున్నాడు. మిగిలినవి వంటింటి అలమరలో పోపుల డబ్బా పక్కన ఉండిపోయాయి. మాత్రలు పారెయ్యడానికి మనకి చేతులు రావు కదా. తెనాలిలో మా అమ్మ దగ్గర ఒక ప్లాస్టిక్ డబ్బా ఉండేది. పక్కింటావిడకి మోకాళ్ళ నొప్పంటే అందులోంచే ఒకటి కత్తిరించి ఇచ్చేది. నేనూ అలాగే రెండు ఇచ్చాను. మద్యంతో కలిపి వేసుకోవద్దని సీసా మీద స్టిక్కర్ ఉంది. నేను చదవలేదు.

రాత్రి రెండింటికి మంచినీళ్ళ కోసం కిందికొచ్చిన మా అమ్మాయి, సోఫాలో పడుకున్న వాళ్ళ నాన్న గురక విని ఆగిపోయింది. గొంతులో నీళ్ళు గుడగుడమన్నట్టు ఒక చప్పుడు, తర్వాత ఏమీ లేదు. మళ్ళీ చాలాసేపటికి ఒక ఊపిరి. నన్ను లేపింది. "ఏవండీ, ఏవండీ" అని భుజం పట్టి కుదిపినా కదల్లేదు. పెదవులు బూడిద రంగులోకి తిరిగాయి. ఇలాంటప్పుడు పెదవులు నీలంగా మారతాయంటారు గానీ, మన చామనఛాయ ఒంటి మీద అలా బూడిదలా కనిపించవచ్చు. అది ఒక్కటీ గుర్తుపెట్టుకోండి.

మా అమ్మాయి ఫోన్ తీసింది. నేను చెయ్యి పట్టుకున్నాను. "ఆగవే, తాగి పడుకున్నారంతే. ఇప్పుడు అంబులెన్సు వస్తే వీధంతా చూస్తుంది." ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. అది నా చెయ్యి విడిపించుకుని ఇక్కడి అత్యవసర నంబరు 911కి చేసింది.

అవతలివాళ్ళు అడిగినది నా వైపు తిరిగి అడిగింది. "అమ్మా, నాన్న మందు తీసుకున్నారా?"

"తీసుకున్నారు."

"ఏ మందమ్మా?"

"అదేనే, విస్కీ."

"అది కాదు! టాబ్లెట్ ఏమైనా?"

రెండింటికీ మన భాషలో ఒకటే మాట. ఆ రాత్రి ఆయన రెండూ తీసుకున్నారు. నేను పరుగెత్తి సీసా తెచ్చాను. పదిహేనేళ్ళ పిల్ల దాని మీద పేరు గట్టిగా చదివి వాళ్ళకి చెప్పింది: హైడ్రోకోడోన్. వాళ్ళు చెప్పినట్టే నాన్నని పక్కకి తిప్పి పడుకోబెట్టి ఊపిరులు లెక్కపెడుతూ కూర్చుంది.

అంబులెన్సులో వచ్చినవాళ్ళు ముక్కులో నలోక్సోన్ స్ప్రే కొట్టారు, ఇలాంటి మాత్రల ప్రభావాన్ని తిప్పికొట్టే విరుగుడు. కొద్ది నిమిషాల్లో కళ్ళు తెరిచారు. అయినా ఆసుపత్రికి తీసుకెళ్ళి మర్నాడు సాయంత్రం దాకా ఉంచారు. స్ప్రే ప్రభావం అరగంట నుంచి గంటన్నరలో తగ్గిపోవచ్చు, మాత్రది మాత్రం ఇంకా ఒంట్లో ఉంటుంది. హైడ్రోకోడోన్ నల్లమందు జాతి మాత్ర. అదీ మద్యమూ రెండూ మెదడులో ఊపిరిని నడిపే చోటునే మందగింపజేస్తాయి. ఈ మాత్రలతో మద్యం కలిపితే ప్రాణాపాయమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే మందు సమాచార పత్రాల్లో అన్నిటికన్నా గట్టి హెచ్చరిక పెట్టించింది. మా వారికి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కూడా ఉందని ఆ ఆసుపత్రిలోనే తేలింది. అది ఉన్నవాళ్ళకి ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇండియాలో నడుం నొప్పికి రాసే అల్ట్రాసెట్‌లోని ట్రమడాల్ కూడా ఈ జాతిదే.

ఇంత చదువుకున్న నాకు తెలియనిది మా అమ్మాయికి ఎలా తెలుసు? స్కూల్లో హెల్త్ క్లాసులో చెప్పారట. మనం ఇళ్ళల్లో మద్యం ఊసే పిల్లల ముందు ఎత్తం. కింద గ్లాసుల చప్పుడు మాత్రం వాళ్ళకి పైదాకా వినిపిస్తూనే ఉంటుంది. మాట్లాడకపోవడమే పెంపకం అనుకున్నాను. ఇప్పుడు కాలేజీలో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను: "నీ స్నేహితుడెవరైనా అలా పడి ఉంటే భయపడకు, ముందు 911కి చెయ్యి, తర్వాత నాకు చెయ్యి. ఎందుకు తాగారని నేను అడగను." వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. "సరేనమ్మా" అన్నాడు.

మిగిలిన మాత్రలు తీసుకెళ్ళి ఫార్మసీలో పాత మందులు వేసే పెట్టెలో పడేశాను.

ఈ వేసవిలో మా మామయ్యగారు వచ్చారు, ఆరు నెలలకి సరిపడా మందులతో. ఆయనకి రోజూ సాయంత్రం రెండు పెగ్గులు అలవాటు. మోకాళ్ళకి పొద్దున ఊరి నుంచి తెచ్చుకున్న డోలో 650, రాత్రికి మా అలమరలోని టైలెనాల్. ఇక్కడి టైలెనాల్‌లో అసిటమినోఫెన్ అనేదీ అక్కడి డోలోలో పారాసెటమాల్ అనేదీ ఒకటే. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళకి కూడా రోజుకి 4 గ్రాములు దాటకూడదు, రోజూ తాగేవాళ్ళకి కాలేయం అంతకన్నా తక్కువకే దెబ్బతినొచ్చు. మోతాదు మించినా మొదటిరోజు వికారం తప్ప ఏమీ తెలియకపోవచ్చు. విరుగుడు, మాత్రలు ఎక్కువగా వేసుకున్న ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అందుకని బాగానే ఉన్నారు కదా అని ఎదురుచూడకూడదు. పోనీ కాంబిఫ్లామ్ వేసుకుంటానన్నారు. అందులోనూ పారాసెటమాల్ ఉంది, పైగా ఐబుప్రోఫెన్. మద్యంతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు.

ఆదివారాలు తెలుగు క్లాసుకెళ్ళి నేర్చుకున్న అక్షరాలతో మా అమ్మాయి తెల్ల టేపు మీద రాసి అన్నిటికీ అంటించింది. మామయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని, ఒక చేత్తో డోలో షీటూ, ఇంకో చేత్తో టైలెనాల్ సీసా పట్టుకుని చదివారు. రెండిటి మీదా 'పారాసెటమాల్, పెగ్గుతో వద్దు' అని ఉంది.

"అంటే ఇన్నాళ్ళూ ఒకటే మాత్ర రెండు పేర్లతో మింగుతున్నానా అమ్మాయ్?"

"అవును తాతయ్యా."

కాసేపు ఆ సీసానే చూస్తూ కూర్చుని, "మీ చిన్నతాత డబ్బాకి కూడా ఇలాగే రాసివ్వు, ఊరికి తీసుకెళ్తాను" అన్నారు.