గంగాళం మీద ఎర్ర మచ్చ: బఫ్‌కి లొంగడం లేదు

మచ్చ ఇప్పుడు అద్దంలా మెరుస్తోంది, కానీ ఎర్రగానే మెరుస్తోంది! చుట్టూ ఇత్తడి పచ్చగా నిగనిగలాడుతుంటే మధ్యలో అది రాగి బిళ్ళ అతికించినట్టు కనపడుతోంది.

ఇంట్లో పాత ఇత్తడి సామాన్లకి బఫ్‌తో, అంటే పాలిషర్‌కి బిగించే మెరుగు చక్రంతో, మెరుగు పెడుతున్నాను. కుందులు, మరచెంబు, పళ్ళేలు అన్నీ బాగా వచ్చాయి. వాటి గురించి చెప్పడానికేం లేదు. ఈ పోస్టంతా గంగాళం గురించే.

ఇది మా మేనత్తది. అంతర్వేది వైపు వాళ్ళ పాత పెంకుటింట్లో, పశువుల పాక చూరు కింద ఏళ్ళ తరబడి వెల్లకిలా ఉండిపోయింది. వాన నీళ్ళో, బోరు నీళ్ళో ఎప్పుడూ అడుగున నిలిచే ఉండేవి. ఆ ఊళ్ళో బోరు నీళ్ళు నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు. మచ్చ అడుగు నుంచి 11 సెంటీమీటర్ల ఎత్తున, బయటి వైపు ఉంది. పొడవు 60 మిల్లీమీటర్లు, వెడల్పు 35. అంచులు తెగినట్టు కాకుండా మసకమసగ్గా పచ్చదనంలో కలిసిపోతున్నాయి.

ముందు 100 మిల్లీమీటర్ల నార బఫ్, దాని మీద బ్రౌన్ లస్టర్ (బఫ్‌కి రాసే మెరుగు మైనం), పాలిషర్ నిమిషానికి 3000 చుట్ల దగ్గర. తర్వాత మెత్తటి గుడ్డ బఫ్, తెల్ల లస్టర్. మెరుపు వచ్చింది, రంగు కదల్లేదు. "చింతపండు పెట్టి తోమితే పోయేదానికి ఇంత కరెంటు కాల్చాలా అబ్బాయ్" అంది అత్తయ్య. నాకూ మొదటి అనుమానం చింతపండు మీదే. పులుపు ఎక్కువసేపు ఉంచితే ఇత్తడి పైపైన జింకు పోయి గులాబీ రంగు తేలుతుంది. కానీ అది పలచటి పొర, ఒక్క బఫ్‌కే ఎగిరిపోతుంది. రెండో అనుమానం పాత మాటు. మాటైతే అంచు గీత గీసినట్టుండాలి, ఇక్కడ లేదు.

320, తర్వాత 600 నంబరు ఎమెరీ కాగితంతో చేత్తో కొంచెం తీసి చూశాను. పొడుగు కాళ్ళ కాలిపర్‌తో గోడని పట్టి, ఆ ఎడాన్ని వెర్నియర్ కొలబద్ద మీద పెట్టి చూస్తే మచ్చ పక్కన గోడ మందం 1.1 మిల్లీమీటర్లు, మచ్చ నడుమ 1.0. రంగు అదే. అప్పుడు లోపలికి టార్చి వేసి చూస్తే, సరిగ్గా మచ్చ వెనకాలే కళాయి లేచిపోయి ఉంది. ఇంక సందేహం లేదనిపించింది. ఉప్పు నీరు నిలిచిన చోట ఇత్తడిలోంచి జింకు కరిగిపోయి, బెజ్జాల బెజ్జాల రాగి మాత్రం మిగులుతుంది. దీన్ని డీజింకిఫికేషన్ అంటారు. జింకు 15 శాతం దాటిన ఇత్తడికి ఈ బెడద ఎక్కువ. లోపల మొదలైంది గోడంతా తినేసి బయటికొచ్చినట్టుంది.

నిర్ధారణకి బయట సుద్ద నీళ్ళు పూసి ఆరనిచ్చి, లోపల కిరోసిన్‌లో ముంచిన దూది అద్ది ఉంచాను. తెల్లారేసరికి సుద్ద మీద వెంట్రుకవాసి తడి గీత. అంటే ఆ చోట లోహం పేరుకే ఉంది. బఫ్ అక్కడితో ఆపేశాను. బలం లేని రేకు చీలితే ఆ చీలికని బఫ్ పట్టేస్తుంది, గంగాళం మన మీదికే ఎగురుతుంది. కిరోసిన్ వాసన పూర్తిగా పోయేదాకా పాలిషర్ దాని దగ్గరికి కూడా తేలేదు.

పట్టేయడం గురించి ఇంకో మాట. మూతి దగ్గర సన్నటి పగులు ఒకటుంది. అది పశువుల పాక వల్లేనని నా ఊహ. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన దేశంలో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటాలు ఊరికే పగిలిపోయేవి. గుర్రపు మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, లోహంలో బిగిసి ఉన్న ఒత్తిడి కలిసి చేసిన పని అదని 1921లో తేల్చారు. సుత్తి దెబ్బలతో చేసిన గంగాళంలోనూ ఆ ఒత్తిడి ఉంటుంది. కాబట్టి మూతి వైపు బఫ్ ఎప్పుడూ అంచు మీంచి బయటికి జారేలా తిరగాలి, అంచుకి ఎదురు వెళ్ళకూడదు. గంగాళం దొర్లకుండా ఇసుక గోనెల మధ్య ఇరికించి తాడు కట్టాలి. వేలు తీసినా పాలిషర్ తిరుగుతూనే ఉండేలా చేసే స్విచ్ లాక్ బటన్ నేను అసలు వాడను.

చాలామంది నాలుగంగుళాల గ్రైండర్‌కే గుడ్డ బఫ్ బిగించేస్తున్నారు. నాకు అస్సలు నచ్చదు. 11000 చుట్ల దగ్గర 100 మిల్లీమీటర్ల బఫ్ అంచు సెకనుకి 57 మీటర్ల పైన పరిగెడుతుంది, నా 3000 దగ్గర 16కి లోపే. బఫ్ మీద రాసిన గరిష్ఠ వేగం చూడకుండా బిగిస్తే కుట్లు తెగి ముఖానికి వస్తుంది. బాష్ అయినా మకీటా అయినా స్పీడు తగ్గించుకునే డయల్ ఉన్న పాలిషరే కొనండి. పాత ఇళ్ళలో తడి గచ్చు మీద 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా ప్లగ్ పెట్టొద్దు. లుంగీ, మెడలో తువ్వాలు, నూలు గ్లోవ్స్ మూడూ ప్రమాదమే, బఫ్‌కి చుట్టుకుంటాయి. లోపల కళాయి మీద బఫ్ పెట్టకండి. తగరం పొర ఊడిపోవడం ఒకటైతే, పాత కళాయిలో సీసం ఉంటే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాస్కు ఎలాగూ ఉండాలి.

తర్వాత తణుకు దగ్గర అజ్జరం తీసుకెళ్ళి ఇత్తడి పనివాళ్ళకి చూపిస్తాను. మచ్చంత మేర కోసేసి మాటు వేయగలరా, మూతి పగులు చివర చిన్న బెజ్జం వేసి ఆపగలరా అని అడగాలి. ఈలోగా కుందులు నల్లబడకుండా సగానికి బెంజోట్రయజోల్ (ఇత్తడి నల్లబడకుండా ఆపే రసాయనం) పూత, సగానికి లక్కర్ (వార్నిష్ లాంటి పారదర్శక పూత) వేసి, ఈ వానాకాలమంతా వరండాలోనే ఉంచి చూస్తాను. చివరి తుడుపుకి బ్రాసో మంచిదే గాని, దాంట్లో అమ్మోనియా ఉంటుంది కనక పగులున్న గంగాళానికి మాత్రం వాడను.