ఇందిర పక్కన పెన్సిల్ మాట

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున కరెంటు పోయి తొమ్మిదిన్నర దాకా రాలేదు. ట్యాంకులో నీళ్లు అడుగంటాయి. వారం బట్టలు బకెట్లో అలాగే ఉండిపోయాయి. మామూలుగా ఆదివారం ఇలా మొదలైతే సాయంత్రం దాకా చిరాగ్గానే ఉంటాను. ఇవాళ మాత్రం మనసంతా మధ్యాహ్నం మీదే ఉంది. నెలలో చివరి ఆదివారం, మాస్టారింట్లో మేం నలుగురం కూర్చునే రోజు.

నలుగురం అంటే: రిటైరైన తెలుగు మాస్టారు, మా మేడ మీద వాటాలో ఉంటూ బ్లౌజులు కుట్టే అక్క, యూనివర్సిటీలో చదువుకుంటున్న ఒక పిల్ల, నేను. ఆ పిల్ల అక్క దగ్గర బ్లౌజు కుట్టించుకోవడానికి వచ్చి, మిషను పక్కన బోర్లించి ఉన్న యద్దనపూడి నవల చూసి, "ఆంటీ, ఇది 'అ ఆ' సినిమా కథలా ఉందేంటి?" అని అడిగిందట. అది 'మీనా'. అక్కకి ప్రాణం లేచొచ్చింది. 1973లోనే విజయనిర్మల ఆ నవలని సినిమాగా తీసిందనీ, తన చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో 'మీనా' కోసం పేరు రాయించుకుని వారాల తరబడి ఎదురుచూసిందనీ గంటసేపు చెప్పిందట. బ్లౌజు ఆ రోజు అవలేదు. పిల్ల మాత్రం అప్పటినుంచి మాలో కలిసిపోయింది.

ఈ నెల పుస్తకం నేను ఎంచాను. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు'. 1957లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చింది. మా విశాఖపట్నంలోనే నడిచే కథ. ఆవిడ రాసిన నవల ఇదొక్కటే. 1961లో, ముప్పై రెండేళ్లు నిండకుండానే వెళ్లిపోయారు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా, ఇంకో ముప్పై ఏళ్లు ఉండి ఉంటే మనకేం రాసిచ్చేవారో అనుకుంటాను. 1963లో దీని ఆధారంగా ఆదుర్తి సుబ్బారావు 'చదువుకున్న అమ్మాయిలు' తీశారు. నవల ముందు చదవాలి, సినిమా తర్వాత చూడాలి, కలిసినప్పుడు ఎవరికి అనిపించింది వాళ్లు దాచుకోకుండా చెప్పాలి. మేం పెట్టుకున్న నియమం అదొక్కటే.

మద్దిలపాలెం నుంచి ఎంవీపీ కాలనీకి అక్కా నేనూ ఆటోలో వెళ్లాం. ఒళ్లో స్టీలు డబ్బా నిండా చేగోడీలు. దారి పొడుగునా అక్క 'కిలకిల నవ్వులు చిలికిన' పాట కూనిరాగం తీస్తూనే ఉంది. "సినిమా ఎలా ఉంది అక్కా?" అంటే, "అక్కడికెళ్లాక చెప్తాను, ఇప్పుడే చెప్పేస్తే చప్పబడిపోతుంది" అంది.

మాస్టారు గుమ్మంలోనే మొదలుపెట్టారు. "అమ్మా, సినిమాని తిట్టడానికే వచ్చారని మీ మొహాలు చూస్తేనే తెలుస్తోంది. ముందు నా మాట వినండి." ఆ సినిమా వచ్చేనాటికి ఆయనకి పద్నాలుగేళ్లు. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లారట. అక్కినేని, సావిత్రి, కృష్ణకుమారి, ఇ.వి. సరోజ అందరూ ఒక్క తెరమీద. చదువుకున్న ఆడపిల్లల్ని ఎగతాళి చేయకుండా, వాళ్ల చుట్టూ కథ నడిపి, హాలంతా నవ్విస్తూ తీయడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదన్నారు. ఆదుర్తికి ఇంటి వాతావరణం, చిన్న చిన్న చిలిపితనాలు తెరమీద పండించడం బాగా తెలుసనీ, ఆ మరుసటేడే కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' నవలని 'డాక్టర్ చక్రవర్తి'గా తీశారనీ, తొలి నంది బహుమతి దానికే వచ్చిందనీ గుర్తుచేశారు. వరసగా రెండేళ్లు ఇద్దరు రచయిత్రుల నవలల్ని నమ్ముకున్న దర్శకుడాయన. ఆ మాటకి నేను కూడా తలవంచాను.

తర్వాత మాస్టారు తన అసలు అస్త్రం తీశారు.

"సినిమా పుస్తకంలా లేదనేది ఫిర్యాదే కాదు. మాయాబజార్ సంగతేంటి? వ్యాసుడి భారతంలో శశిరేఖ పెళ్లి కథ ఎక్కడుంది? పాండవుల ఇంటి పెళ్లి కథలో పాండవులే కనిపించరు. అయినా 1957 నుంచి ఇవాళ్టి దాకా మనకి భారతం అంటే సగం అదే. మూలంలో లేదని ఎవరైనా అన్నారా?"

ఒక నిమిషం ఎవరికీ మాట రాలేదు. నిజమే కదా. చేగోడీ సగం కొరికి ఆగిపోయాను. మాయాబజార్‌ని నేనెన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఒక్కసారి కూడా ఇది మూలంలో ఉందా అని అనుకోలేదు. మరి ఈ సినిమా దగ్గర నాకెందుకు అంత బాధ? ఆలోచించుకుంటూ చెప్పాను. మాయాబజార్‌లో పింగళి, కె.వి. రెడ్డి పాతదాని మీద కొత్తది కట్టారు. ఘటోత్కచుడు మనకి అదివరకు తెలిసినవాడే, రంగారావు చేసేసరికి ఇంకా పెద్దవాడయ్యాడు. ఇక్కడ 'కాలాతీత వ్యక్తులు' నాయిక ఇందిర చిన్నదైపోయింది. నవలంతా తన భుజాల మీద మోసిన మనిషి నాకు ఆ సినిమాలో ఎంత వెతికినా దొరకలేదు. సినిమాగా బాగుంది, నవ్వుకున్నాను, పాటలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఇందిర కోసం వెళ్లినదాన్ని గనక ఖాళీ చేతులతో వచ్చాను.

అక్క అప్పుడు నోరు విప్పింది. "కొలతలు ఒకరికి తీసుకున్నారు, కుట్టింది ఇంకొకరికి. కుట్టుపని చూస్తే ఎక్కడా వంక లేదు. వేసుకునే మనిషే వేరు." మాస్టారు ఆ మాటని పక్కనే ఉన్న డైరీలో రాసుకున్నారు. అక్క మొహం వెలిగిపోయింది.

ఇంతసేపూ ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. ఒళ్లో నా పుస్తకం పెట్టుకుని కూర్చుంది. పోయిన నెల నేనే ఇచ్చాను. 1997లో, డిగ్రీ చివరి సంవత్సరంలో, పాత పుస్తకాల బండి మీద కొనుక్కున్న ప్రతి. వెన్ను ఊడిపోతే మైదా జిగురుతో అట్ట అతికించాను, ఆ అట్ట ఇప్పుడు మళ్లీ ఒక పక్క లేచింది. కాగితాలు టీ డికాషన్ రంగుకి వచ్చేశాయి.

"ఆంటీ, ఒకటి అడగనా? ఇక్కడ ఎందుకిలా రాశారు?" అని ఒక పేజీ తెరిచి నా ముందు పెట్టింది.

ఇందిర మాట్లాడే చోట, పక్కన ఖాళీలో, పెన్సిల్‌తో నా చేతిరాత. 'స్వార్థం'. కింద రెండు గీతలు. పేజీలు తిప్పి చూపించింది. ఇంకో చోట 'స్వార్థం'. ఇంకో చోట 'మళ్లీ స్వార్థమే'. నవలలో ఇంకో ముఖ్యమైన అమ్మాయి కల్యాణి వచ్చిన చోట్ల మాత్రం బుద్ధిగా టిక్కులు పెట్టాను. ఆ అక్షరాలు నావే. 'ర్థ' కింద ఒత్తు పక్కకి సాగదీసే అలవాటు నాకు ఇప్పటికీ ఉంది. కానీ రాసిన సంగతి నాకు బొత్తిగా గుర్తులేదు.

"నాకైతే ఈ అమ్మాయి భలే నచ్చింది ఆంటీ. చూపులేని తండ్రి, తను తెస్తేనే ఇల్లు గడవాలి. ఆ ప్రకాశం ఏదీ తేల్చడు. ఇంక తన బతుకు తను చూసుకోకపోతే ఎవరు చూస్తారు? మీరు స్వార్థం అని రాసిన చోటల్లా నేను ఆగి మళ్లీ చదివాను. ఒక్కచోట కూడా నాకలా అనిపించలేదు."

ఆ పిల్ల గొంతులో నన్ను తప్పుపట్టే ధోరణి లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అందుకే తప్పించుకోబుద్ధి కాలేదు.

గుర్తు తెచ్చుకుంటూ చెప్పాను. ఇరవై ఏళ్లప్పుడు నేను కల్యాణిని అనుకునేదాన్ని. నెమ్మదిగా ఉంటే, ఓర్చుకుంటే, అన్నీ వాటంతట అవే దారికొస్తాయని నమ్మకం. ఇందిర లాంటి పిల్లని చూస్తే నాకు భయం. కావలసింది కావాలని నోరు తెరిచి అడుగుతుంది, దొరకకపోతే ఏడుస్తూ కూర్చోదు. ఆ భయానికి అప్పుడు నాకు దొరికిన పేరు స్వార్థం.

ఇంకో సంగతి కూడా చెప్పాను. మాస్టారి ముందు ఇంటి విషయాలు ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ పుస్తకం చదివిన రెండేళ్లకే నాకు ఉద్యోగం వచ్చింది. నాన్న రిటైరయ్యారు, తమ్ముడి చదువు, ఇల్లు. జీతం మొత్తం అమ్మ చేతికిచ్చి, బస్సు డబ్బులు అడిగి తీసుకునేదాన్ని. నాలుగేళ్లయ్యాక స్కూటీ కొనుక్కుంటానన్నాను. రెండు బస్సులు మారి వెళ్లాల్సి వచ్చేది అప్పుడు. మా చుట్టాల్లో ఒక పెద్దావిడ అందరి ముందూ, "దీనికి ఈ మధ్య స్వార్థం ఎక్కువైంది" అంది. అచ్చంగా ఆ మాటే. ఆ రాత్రి అన్నం తినలేదు. స్కూటీ ఇంకో మూడేళ్లకి గానీ కొనలేదు. పుస్తకంలో అదే మాట నా చేత్తో నేనే రాసి పెట్టానని అప్పుడు తెలియదు.

అక్క నా చేతి మీద చెయ్యి వేసింది. ఏమీ అనలేదు.

మాస్టారు కాసేపాగి, మామూలుగా పాఠం చెప్పే గొంతుతో కాకుండా, మెల్లగా అన్నారు. "మధురవాణి మనందరికీ ఇష్టమే కదమ్మా. మరి ఇందిర దగ్గరికి వచ్చేసరికి ఇన్ని సందేహాలెందుకు?"

నాకు ఇవాళ మొత్తంలో బాగా పట్టుకున్న ప్రశ్న ఇది. కన్యాశుల్కం చివర్లో మధురవాణి మగవేషం వేసుకుని, ఈ ఊళ్లోనే, సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్తుంది. లుబ్ధావధాన్లని కేసులోంచి గట్టెక్కించేది ఆవిడే. నలుగురికీ మేలు జరిగింది గనక మనం ఆవిణ్ణి నెత్తిన పెట్టుకున్నాం. ఇందిర ఎవరినీ గట్టెక్కించదు. తన్ను తాను గట్టెక్కించుకుంటుంది. చివరికి కృష్ణమూర్తిని పెళ్లాడినా సరే, అది త్యాగమూ కాదు, గొప్ప ప్రేమా కాదు, కళ్లు తెరుచుకుని చేసుకున్న నిర్ణయం. ఆడమనిషి తన కోసం తను చేసుకున్న మేలుకి చప్పట్లు కొట్టడం మనకి అలవాటు లేదు. నాకూ అలవాటు లేదు. శ్రీదేవి గారు 1957లోనే ఆ మనిషిని మంచిదనీ చెడ్డదనీ తీర్పు చెప్పకుండా మన మధ్య నిలబెట్టి వెళ్లారు. కల్యాణి విషయంలో ఇందిర ప్రవర్తన నాకు ఇప్పటికీ నచ్చదు, అది దాచను. అయినా ఇప్పుడు ఎవరి పక్షం అంటే ఇందిర పక్షమే.

ఇదంతా అక్కడ ఇంత వరసగా చెప్పలేకపోయాను. సగం చెప్పాను, సగం ఇప్పుడు రాస్తున్నాను. పాతికేళ్లుగా ఈ నవల నా బీరువాలో ఉంది. నాలుగైదుసార్లు చదివి ఉంటాను. ఒంటరిగా చదివినప్పుడు నా పెన్సిల్ గీతలు నాకే కనిపించలేదు. కళ్లు వాటిని దాటేసి వెళ్లిపోయాయి. ఎదురుగా కూర్చుని ఎందుకు రాశారని అడిగే మనిషి కావలసి వచ్చింది.

టీ వచ్చింది. ఆ పుస్తకం అందుకుని, "ఇలా ఇవ్వమ్మా, రబ్బరుతో చెరిపేసి ఇస్తాను" అన్నాను. ఆ పిల్ల గభాలున వెనక్కి లాక్కుంది. "వద్దాంటీ, ఇలాగే ఉండనివ్వండి. మా రూమ్మేట్ కూడా చదువుతానంది. అది ఎవరి పక్షమో చూద్దాం." మాస్టారు నవ్వి, "ఈసారి నీ అభిప్రాయం కూడా పక్కన రాయమ్మా, అయితే పెన్సిల్‌తోనే" అన్నారు. అక్కడే కూర్చుని, 'మళ్లీ స్వార్థమే' అన్న మాట కింద చిన్న అక్షరాలతో ఏదో రాసింది. చూపించమంటే చూపించలేదు.

వచ్చే నెలకి 'చక్రభ్రమణం', 'డాక్టర్ చక్రవర్తి' అనుకున్నాం. నా దగ్గర ఆ నవల లేదు. ద్వారకా నగర్ పౌర గ్రంథాలయంలో అడగాలి. అక్కకి సినిమా కంటే ముందే కన్నీళ్లు రెడీగా ఉన్నాయి. 'మనసున మనసై' పాట వస్తే ఆవిడ మిషను ఆపేస్తుంది, నాకు తెలుసు.

ఇంటికొచ్చి బట్టలు ఉతికి ఆరేసేసరికి ఏడున్నర. రాత్రి తొమ్మిదింటికి మాస్టారు ఫోన్ చేశారు. ఆయన దగ్గరున్న ప్రతి తీసి మళ్లీ చదువుతున్నారట.

"అమ్మా, ఇందిర సంగతి ఒప్పుకున్నాను. కానీ మీ ముగ్గురూ ప్రకాశాన్ని మరీ చులకన చేశారు. ఆ కుర్రాడు ఇంట్లోవాళ్ల మాట జవదాటలేకపోయాడు. పిరికితనం కూడా ఒక కష్టమేనమ్మా. వాడి మీద కాస్త జాలి చూపించొద్దూ?"

"జాలి చూపిస్తాను మాస్టారూ. ఇందిర వాడి కోసం ఆగిపోవాలంటే మాత్రం ఒప్పుకోను" అన్నాను.

ఇరవై నిమిషాలు వాదించుకున్నాం. ఒకచోట ఆయన పేజీ నంబరు చెప్పి చూడమన్నారు. నా పుస్తకం ఆ పిల్ల హాస్టల్లో ఉంది, రూమ్మేట్ ఈపాటికి చదవడం మొదలుపెట్టే ఉంటుంది. గురువారం బ్లౌజు కోసం అక్క దగ్గరికి వస్తానంది. అప్పుడు పుస్తకం అడిగి తీసుకుని ఆ పేజీ చూసి, మాస్టారికి జవాబు చెప్పాలి.